స్కార్వ కొండ మీద ఎవరూ కనబడలేదు

ఎల్వెవిక్ బడిలో సోమవారం మధ్యాహ్నం రొట్టెల డబ్బాల మూతలు లేస్తూనే వచ్చే ప్రశ్న ఒక్కటే: "నిన్న ఎటు వెళ్లావు?" ఎటూ వెళ్లకపోవడం అనేది కూడా ఒకటుంటుందని ఆ ఊరివాళ్లకు తోచదు. వానైతే వానకోటు, మంచైతే మంచుబూట్లు, ఒంట్లో నలతగా ఉంటే కాస్త పొట్టి కొండ. నార్వే పడమటి ఒడ్డున, సముద్రం పాయగా చీలి కొండల నడుమకు చొచ్చుకొచ్చిన ఆ చోట, ఆదివారం నాడు ఇంట్లో పడి ఉన్న మనిషి అయితే రోగి అయ్యుండాలి, కాకపోతే ఏదో దాస్తూ ఉండాలి.

ఆ బడిలో లెక్కలు చెప్పే ఎవాంథియా రోగి కాదు. దాచడానికి మొదట్లో ఆమె దగ్గర ఏమీ లేదు కూడా.

గ్రీసులో కార్దిత్సా అనే ఊళ్లో చాలా ఏళ్లు బడిపంతులమ్మగా చేసింది. జీతాలు కోశారు, తర్వాత బళ్లు కలిపేశారు, కలిపిన బళ్లలో కుర్చీలు సరిపోలేదన్నారు. నలభైకి దగ్గరపడుతున్న వయసులో కొత్త భాష నేర్చుకుని ఇంత ఉత్తరానికి వచ్చింది. ఎవాంథియా అన్న పేరు నోరు తిరగక మొదటి వారంలోనే ఆమెను ‘ఎవా’ చేసేశారు. ఆమె కాదనలేదు. పేరులో సగం పోతే పోయింది, ఉద్యోగం నిండుగా ఉంటే చాలుననుకుంది. ఉద్యోగమూ నిండలేదు. బడిలో ఇచ్చింది ముప్పాతిక కొలువు, అదీ తాత్కాలికం, ఆరునెలలకోసారి పొడిగింపు. మిగతా పావు పూడ్చుకోవడానికి వారంలో రెండు సాయంత్రాలు పడవలో పాయ దాటి అవతలి ఒడ్డున పెద్దవాళ్ల బడి. శనివారం పగలల్లా చేపల ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్లకు సర్టిఫికెట్ పరీక్ష పాఠాలు. వాళ్లు చేతులకు చేపవాసనతో వచ్చి కూర్చునేవాళ్లు, ఆమె గొంతుకు సుద్దపొడితో నిలబడేది. ఇరువైపులా ఆవలింతలే.

ఇలాంటి ఉద్యోగాన్ని ఆ దేశంలో ‘వెసులుబాటున్న కొలువు’ అంటారు. వెసులుబాటు ఎవరిదో మాత్రం చెప్పరు.

మొదటి శరత్కాలంలో ఆమె నిజంగానే వెళ్లింది. తీసుకెళ్లింది గున్వోర్. ఆ బడిలో అందరికన్నా పాత టీచరు, టీచర్ల సంఘానికి ప్రతినిధి, కొండల్లో తప్పిపోయినవాళ్లను వెతికే దళంలో ముప్పై ఏళ్లుగా సభ్యురాలు. కొండ మొదట్లో ఎవాంథియా కాళ్లవైపు చూసి ఆగిపోయింది.

"ఇవేం బూట్లమ్మా? పెళ్లికి వచ్చావా?"

"నా దగ్గర ఉన్నవాటిలో గట్టివి ఇవే."

"ఇంకొక జత మేజోళ్లు తొడుక్కో. జారితే నన్ను పట్టుకోకు, చెట్టును పట్టుకో. నేను నీతోపాటే పడతాను."

పైదాకా ఎక్కారు. తడి రాతి మీద చిన్న చాప ముక్క పరుచుకుని, బెల్లంరంగు మేక జున్ను పెట్టిన రొట్టె నమిలారు. ఎవాంథియాకు ఆ నిశ్శబ్దం కొత్త.

"మా ఊళ్లో ఆదివారమంటే కూర్చోవడం. కాఫీ ముందు పెట్టుకుని, అది చల్లారి, ఇంకోటి తెప్పించుకుని, లోకంలో అందర్నీ తిట్టుకుంటూ కూర్చోవడం," అంది.

"మేమూ కూర్చుంటాం. ఎక్కాక కూర్చుంటాం. తిట్టుకోం. ఆయాసంతో తిట్లు రావు," అంది గున్వోర్.

దిగేసరికి కాళ్లకు బొబ్బలెక్కినా ప్రాణం తేలికపడింది. ఒంట్లో సత్తువ మిగిలి ఉంటే ప్రతివారం వెళ్లేదే. కొండ మీద ఆమెకు కోపమేం లేదు. శనివారం సాయంత్రం చేపల ఫ్యాక్టరీ నుంచి ఇల్లు చేరి మంచం మీద వాలితే, ఆదివారం మధ్యాహ్నం దాకా ఆ ఒళ్లు ఆమె మాట వినేది కాదు. మిగిలిన పూట బట్టలుతుక్కోవడానికీ, వారానికి సరిపడా చిక్కుడుగింజల పులుసు కాచుకోవడానికీ చాలేది.

ఆ నవంబరులో ఒక సోమవారం, ఎటు వెళ్లావంటే ఉన్న మాటే చెప్పింది. "పడుకున్నాను."

హెడ్మిస్ట్రెస్ తూరిల్ తల పక్కకు వాల్చి, జాలిగా, "ఒంట్లో బాగాలేదా?" అంది.

"బాగానే ఉంది. అలిసిపోయాను."

"అలసటకు నడకే మందు!" అన్నాడు ఆటల మాస్టారు ఔడున్. ముప్పై నిండని కుర్రాడు, చెడ్డవాడు కాదు. అలసట అంటే ఆటయ్యాక వచ్చేదని అతని నమ్మకం. చుట్టూ ఉన్నవాళ్లంతా తల ఊపారు. ఎందుకు అలిసిపోయావని ఒక్కరూ అడగలేదు. మనిషి అలసటకు లెక్క అడగని ఊరు కొండకు మాత్రం లెక్క అడుగుతుంది.

మరుసటి వారం ఆమె "చెరువు దాకా వెళ్లొచ్చాను" అంది. అంతే, ముఖాలు విప్పారాయి. ఎవరో కాఫీ పోశారు. మంచు పట్టిందా, బాతులున్నాయా అని అడిగారు. ఒక్క చిన్న మాటకు ఇంత ఆదరణ దొరుకుతుంటే నోరు ఊరుకుంటుందా?

అలా మొదలైంది. టీచర్ల గది గోడ మీద కొండదారుల పటం ఒకటుండేది. శుక్రవారం కాఫీ తాగుతూ దానిలో వచ్చే ఆదివారపు నడక ఎంచుకునేది. ఎప్పుడూ ఒంటరిగానే వెళ్లేది, ఎప్పుడూ ఎవరూ ఎదురయ్యేవారు కాదు. ఎదురైతే ఆ మనిషి ఎవరికో మేనమామ అవుతాడు, మంగళవారానికల్లా ఆరా వస్తుంది. ఆమె చూసిన కొండల మీద నరమానవుడు ఉండేవాడు కాదు. గాలి, గొర్రెలు, ఒకసారి గొర్రెపిల్లను ఎత్తుకుపోయే గద్ద, ఆమె. అంతే.

ఈ ఏడాది వేసవి సెలవుల ముందు తూరిల్ ఆమెను గదిలోకి పిలిచి మాట్లాడింది.

"నిన్ను చూస్తే నాకు ముచ్చటేస్తుంది ఎవా. బయటినుంచి వచ్చినవాళ్లు చాలామంది గదిలో ముడుచుకుంటారు. నువ్వలా కాదు. బయట తిరుగుతావు, మాలో కలిసిపోయావు. డిసెంబరుకు మూడేళ్లవుతుంది కదా. అప్పుడు చూద్దాం."

చూద్దాం అన్న మాట వెనక చట్టం ఉంది. మూడేళ్లు తాత్కాలికంగా పనిచేయించుకున్న మనిషిని పర్మనెంటు చెయ్యాలి. అందుకే చాలా బళ్లు మూడో ఏడు నిండకముందే ‘చూస్తాయి’, చూసి పంపేస్తాయి. ఆ ఉద్యోగం వస్తే శనివారపు పాఠాలు మానెయ్యొచ్చు. పడవ ప్రయాణం తప్పుతుంది. ఆదివారం ఆదివారంలా ఉంటుంది. ఎవాంథియా డిసెంబరు కోసం బతుకుతోంది. దానికోసమే కొండలెక్కుతోంది, మంచం మీద నుంచే.

టీచర్ల గదిలో ఆమెను ఎటు వెళ్లావని అడగని మనిషి ఒక్కడే ఉన్నాడు. హల్వార్. చెక్కపని మాస్టారుగా రిటైరయ్యాడు. భార్య పోయింది, పిల్లలు లేరు. సోమవారం సోమవారం వచ్చి, ఎవరూ చెప్పకుండానే, పిల్లల ఉలులకూ రంపాలకూ పదును పెట్టి, మధ్యాహ్నం ఎవాంథియా ఎదురుగా కూర్చునేవాడు.

"ఏం తెచ్చావు?"

"ఆలివ్‌లు."

"మేకపెంటలా ఉన్నాయి. ఇటు పడెయ్."

అలా తిడుతూనే డబ్బా ఖాళీ చేసి, బదులుగా తాను పొగబెట్టిన చేపముక్కలు ఆమె రొట్టె మీద పెట్టేవాడు. ఆదివారం సంగతి ఎత్తేవాడు కాదు. ఎత్తి ఉంటే ఆయనకు మాత్రం నిజం చెప్పేసి ఉండేదాన్నని ఆమె తర్వాత చాలాసార్లు అనుకుంది.

అక్టోబరు నెలాఖరు సోమవారం. వాన, దాని వెనక గాలి. రొట్టెల డబ్బాలు తెరిచారు.

"ఎవా, నిన్న ఎటు?" అన్నాడు ఔడున్.

"స్కార్వ కొండకి."

"ఏ దారిన? చెరువుదారా, అంచుదారా?"

స్కార్వకు రెండు దారులు. రెండూ కొండ కింద ఒకే చోట మొదలై, పైన రాతిగుడిసె దగ్గర కలుస్తాయి. పటంలో అంచుదారి ఎర్రగీత కాస్త అందంగా ఉంటుంది.

"అంచుదారిన. గుడిసె దాకా వెళ్లి అదే దారిన దిగాను."

"నిన్నటి గాలిలోనా! శభాష్! నేనే వెనకాడాను. ఎవరైనా కనబడ్డారా?"

"ఒక్క పురుగు లేదు."

తూరిల్ నవ్వుతూ, "చూశారా, దక్షిణం నుంచి వచ్చిన పిల్ల మీ అందరికీ సిగ్గు తెప్పిస్తోంది" అంది. ఎవాంథియా తల వంచుకుని రొట్టె కొరికింది. అది వినయం అనుకున్నారు.

అప్పుడు గున్వోర్ ఎవాంథియా ఎదురుగా ఉన్న ఖాళీ కుర్చీ కేసి చూసి, "హల్వార్ ఏడీ?" అంది.

చెక్కపని గదిలో దీపం వెలగలేదు. ఇంటికి ఫోన్ చేస్తే మోగి మోగి ఆగింది. పక్కింటావిడ వెళ్లి చూసి చెప్పింది: ఫోను వంటింటి బల్ల మీదే ఉందట, పక్క నలగలేదట, కారు లేదట. గున్వోర్ అక్కడికక్కడే దళానికి కబురు పెట్టింది. కాసేపటికి టపా బండి నడిపే అతను చెప్పాడు, హల్వార్ కారు నిన్నటినుంచీ స్కార్వ కొండ కిందే ఉందని.

ఆ తర్వాత జరిగిందంతా ఎవాంథియా కళ్లముందే, ఆమె నోరు తెరిచేలోపలే జరిగిపోయింది. గున్వోర్ ఒక చేత్తో కోటు తొడుక్కుంటూ, ఇంకో చేత్తో ఫోన్ పట్టుకుని దళంవాళ్లతో మాట్లాడుతోంది.

"మబ్బు కిందకు దిగింది, హెలికాప్టర్ రాదా? సరే. ఎంతమందిమి ఉన్నాం? అంతేనా! సోమవారం కదా, అందరూ పనుల్లో ఉంటారు. రెండువైపులా వెళ్లడానికి చాలం. ఆగు ఆగు. మా ఎవా నిన్న అంచుదారిన ఎక్కి దిగింది. ఎవరూ లేరట. అవును, నమ్మదగిన మనిషే. చెరువువైపు నుంచి మొదలుపెట్టండి. ముందు అక్కడి బురదగుంటలన్నీ చూడాలి."

పోతూ పోతూ ఎవాంథియా భుజం తట్టింది. "మంచి పని చేశావు నిన్న వెళ్లి. సగం కొండ తగ్గించావు."

గంట మోగింది. ఎవాంథియా లేచి క్లాసుకు వెళ్లింది. ఎందుకు వెళ్లిందో ఆమెకే తెలీదు. గంట మోగితే క్లాసుకు వెళ్లడం అలవాటు, అలిసిపోయిన మనిషిని నడిపేది అలవాటే.

ఆరో తరగతికి భిన్నాలు. బోర్డు మీద ఏదో రాసింది. ఆయన చెరువుదారిన వెళ్లి ఉండొచ్చుగా అనుకుంది. సగానికి సగం అవకాశం. చెరువు దగ్గరే దొరికితే ఎవరికీ ఏమీ తెలీదు. ఇప్పుడు నోరు విప్పితే డిసెంబరు పోతుంది. కలిసిపోయిన మనిషి అబద్ధాలకోరు అవుతుంది. ‘బయటివాళ్లు ఇంతే’ అంటారు. ఆమె ఒక్కత్తినీ అనరు, ఫ్యాక్టరీలో చేపలు కోసేవాళ్లనీ కలిపి అంటారు.

వార్త అప్పటికే పిల్లల్లో పాకింది. ముందు బల్ల మీద సిన్నె అనే పిల్ల కళ్లు తుడుచుకుంటోంది. ఆ పిల్లకు చెక్కతో చెంచా చెక్కడం నేర్పింది హల్వారే.

"ఏడవకే," అంది పక్కపిల్ల. "దొరుకుతాడులే."

"నేను ఏడవట్లేదు. అంచుదారిలో లేడుగా, నాకిప్పుడు భయం లేదు. అక్కడే లోతు ఎక్కువ, మా నాన్న చెప్పాడు. ఎవా నిన్న అక్కడే ఉందట. ఆయన పడి అరిస్తే నీకు వినబడేదిగా ఎవా? అంటే అక్కడ పడలేదన్నమాట. కదూ?"

పిల్ల నవ్వుముఖంతో చూస్తోంది. ఆ అబద్ధం పట్టుకుని ధైర్యం తెచ్చుకుంది.

ఎవాంథియా సుద్దముక్క బల్ల మీద పెట్టేసింది. "కూర్చోండి. ఎవరూ లేవకండి," అని, క్లాసును వదిలేసి వరండాలోకి పరిగెత్తి గున్వోర్‌కు ఫోన్ చేసింది.

"చెప్పు ఎవా, దారిలో ఉన్నాను."

"నేను వెళ్లలేదు."

"ఎక్కడికి?"

"స్కార్వకి. నిన్న నేను ఎక్కడికీ వెళ్లలేదు. మంచం దిగలేదు. అంచుదారిలో ఎవరున్నారో ఎవరు లేరో నాకు తెలీదు."

అవతల కారు చప్పుడు వినబడుతోంది.

"గున్వోర్?"

"ఈ ఒక్క ఆదివారమేనా?"

"కాదు. అన్నీ. దాదాపు అన్నీ."

"ఫోన్ పెట్టెయ్. దళానికి చెప్పాలి."

తూరిల్ గదికి వెళ్లి నిలబడే చెప్పింది. తూరిల్ విన్నది, కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. "నీ క్లాసులో ఎవరున్నారు?" అని అడిగింది.

"ఎవరూ లేరు. ఔడున్‌ను పంపండి. నేను కొండ దగ్గరకు వెళ్లాలి."

"నువ్వెళ్లి ఏం చేస్తావు?" ఆ మాటలో కోపం లేదు. కోపం ఉంటే బాగుండేది.

కొండ కింద వాన ఏటవాలుగా కొడుతోంది. ఉన్న కొద్దిమంది అప్పటికే చెరువువైపు చాలాదూరం వెళ్లిపోయారట, వాళ్లను వెనక్కి తిప్పడానికి సమయం పట్టింది. ఫ్యాక్టరీలో శనివారం ఆమె దగ్గర చదువుకునేవాళ్లు ఇద్దరు యూనిఫాంల మీదే వచ్చారు, మేమూ వెతుకుతామని. శిక్షణ లేనివాళ్లను పైకి పంపరు. వాళ్లకూ ఆమెకూ కలిపి ఒక బల్ల అప్పగించారు. కాఫీ పొయ్యడం, రొట్టె కొయ్యడం. వచ్చిపోయేవాళ్లు గ్లాసు అందుకుంటూ ఆమె ముఖం చూసేవాళ్లు కాదు. అప్పటికి అందరికీ తెలిసిపోయింది. ఆ ఊళ్లో కేకలు వెయ్యరు, కొట్టరు. చూపు తిప్పుకుంటారు. దానికన్నా కార్దిత్సా సంతలో చేపలమ్మి తిట్టే తిట్టు మేలు, తిట్టించుకున్నవాడికి కనీసం జవాబు చెప్పే వీలుంటుంది.

వెలుతురు మసకబారే వేళకు పైనుంచి కబురు దిగింది. దొరికాడు. అంచుదారిలోనే. గొర్రెల కంచె దాటుతూ జారి, దారికి కింద రాళ్ల సందులో పడ్డాడు. తుంటి విరిగింది. ఊపిరి ఉంది. సంచీలో ఉన్న ఉన్ని బట్టలన్నీ ఒకదాని మీద ఒకటి వేసుకుని, గాలి చొరని గుడ్డ కప్పుకుని రాత్రంతా మెలకువగా ఉన్నాడట, లెక్కల ఎక్కాలు వల్లిస్తూ.

స్ట్రెచర్ మీద తెచ్చారు. ముఖం బూడిద రంగులో ఉంది. అంబులెన్సు దాకా తెచ్చేటప్పుడు ఆయన కళ్లు తిప్పి ఆమెను చూశాడు.

"ఎవా. కాఫీ ఉందా?"

"ఇవ్వకూడదు అంటున్నారు." ఆమె బల్ల వదిలి దగ్గరకు వెళ్లింది. "హల్వార్, నేను అబద్ధం చెప్పాను. నిన్న అంచుదారిన ఎక్కానని, ఎవరూ కనబడలేదని చెప్పాను. దానివల్ల వీళ్లు ముందు చెరువువైపు వెళ్లారు."

ఆయన కాసేపు ఆలోచించాడు. ఆలోచన కూడా చలికి గడ్డకట్టి నెమ్మదిగా నడుస్తున్నట్టుంది.

"నిన్న ఎక్కలేదా నువ్వు?"

"లేదు."

"తెలివైనదానివి. దరిద్రపు గాలి," అన్నాడు. తలుపు వేశారు.

ఊళ్లో కొందరు ఆ మాట చెప్పుకుని నవ్వుకున్నారు, ఆయన క్షమించేశాడన్నారు. ఎవాంథియా అలా అనుకోలేదు. ఆస్పత్రిలో ఆయన ఎడమకాలి వేళ్లు రెండు తీసేశారు. ఆ రెండు వేళ్లనూ రాత్రి చలి తిన్నదో, చెరువువైపు పోయిన ఆ మధ్యాహ్నం తిన్నదో డాక్టరు చెప్పలేనన్నాడు. చూడటానికి వెళ్లినప్పుడు హల్వార్ ఆలివ్‌లు తినలేదు. పక్కన పెట్టమన్నాడు. "తర్వాత తింటాలే" అని కిటికీ వైపు తిరిగి పడుకున్నాడు. ఆమె చాలాసేపు కూర్చుని వచ్చేసింది.

టీచర్ల గదిలో సోమవారాలు వచ్చిపోతూనే ఉన్నాయి. ఎవరెవరు ఎటు వెళ్లారో చెప్పుకుంటూనే ఉన్నారు. ప్రశ్న బల్ల చుట్టూ తిరిగి ఆమె దగ్గరకు వచ్చేసరికి పక్క కుర్చీకి దూకేది. గున్వోర్ ఆమెతో పని మాట తప్ప మాట్లాడలేదు. ఔడున్ ఒకరోజు కాఫీ యంత్రం దగ్గర గొంతు తగ్గించి, "నిజంగా ఏ కొండకీ వెళ్లలేదా? మరి ఆ గద్ద సంగతి? గొర్రెపిల్లను కాళ్లతో పట్టుకుని..." అన్నాడు.

"టీవీలో చూశాను."

"బాగా చెప్పావు. నేను మా ఆవిడకి కూడా చెప్పాను," అన్నాడు. నవ్వబోయి, నవ్వొచ్చో లేదో తెలీక వెళ్లిపోయాడు.

నవంబరు చివర తూరిల్ పిలిచింది. సంఘం ప్రతినిధిని వెంట తెచ్చుకునే హక్కు ఉంది. ఆ ప్రతినిధి గున్వోరే. ఆమెను ఎలా అడగడమా అని ఎవాంథియా రెండు రోజులు తల్లడిల్లింది. అడగక్కర్లేకపోయింది. వెళ్లేసరికి గున్వోర్ ఆ గదిలో కుర్చీ లాక్కుని కూర్చుని ఉంది, ఆమె వైపు చూడకుండా.

తూరిల్ మెత్తగా మొదలుపెట్టింది. "నీ పాఠాల మీద ఒక్క ఫిర్యాదు లేదు. పిల్లలకు నువ్వంటే ఇష్టం. కానీ బడి అంటే పాఠాలొక్కటే కాదు కదా ఎవా. నమ్మకం. కలిసిపోవడం. డిసెంబరు తర్వాత సంగతి మళ్లీ ఆలోచించాల్సి వస్తోంది."

ఎవాంథియా రాత్రంతా కూర్చుకున్న క్షమాపణ మాటలు నాలుక చివర ఉన్నాయి. అవి రాలేదు, వేరేవి వచ్చాయి.

"అబద్ధం చెప్పాను. దానివల్ల మనిషి చచ్చిపోయేవాడు. దానికి ఏ శిక్ష వేసినా పడతాను. కానీ ఆదివారం నేనెందుకు మంచం దిగలేకపోతున్నానో ఈ మూడేళ్లలో ఎవరూ అడగలేదు."

"నువ్వు చెప్పలేదుగా."

"చెప్పాను. మొదటి ఏడాది, అందరి ముందూ. నడకే మందన్నారు. నేను మూడు చోట్ల పనిచేస్తాను తూరిల్. మీరిచ్చింది ముప్పాతిక కాబట్టి. కొండ ఎక్కడానికి కాళ్లుంటే సరిపోదు, ఖాళీ ఉండాలి."

తూరిల్ ఏదో అనబోయింది. గున్వోర్ చెయ్యెత్తింది.

"నేను సంఘం తరఫున మాట్లాడతాను. డిసెంబరుతో మూడేళ్లు. పని ఉంది, మనిషి ఉంది, పాఠాలు బాగున్నాయని నువ్వే అన్నావు. చట్టం ప్రకారం ఉద్యోగం ఆమెది. ఇప్పుడు పంపితే కొండ కారణంగా పంపినట్టు. ఆదివారం ఎక్కడ గడిపిందన్నది మన ఒప్పందంలో ఎక్కడుందో చూపించు."

"గున్వోర్, నువ్వే కదా ఆ రోజు దళాన్ని నడిపింది! ఆమెను క్షమించేశావా?"

"లేదు," అంది గున్వోర్, వెంటనే, గట్టిగా. "నా ముప్పై ఏళ్లలో నమ్మి తప్పుదారికి మనుషుల్ని పంపింది ఆ ఒక్కరోజే. నాకింకా కోపంగా ఉంది. ఎంతకాలం ఉంటుందో తెలీదు. అది నాకూ ఆమెకూ మధ్య. ఉద్యోగం బహుమతి కాదు, నచ్చినవాళ్లకు ఇచ్చి నచ్చనివాళ్ల దగ్గర లాక్కోవడానికి. నచ్చినవాళ్లకే హక్కులైతే నా సంఘం దేనికి, మూసేసి కొండలెక్కుతాను. నువ్వు రాసివ్వకపోతే పైకి వెళతాం. కోర్టు దాకా వెళతాం. నేను కోపంతోనే వస్తాను, కానీ వస్తాను."

తూరిల్ ముందున్న కాగితాలు మూసి పక్కన పెట్టింది. మునిసిపాలిటీతో మాట్లాడతానంది. వారం తిరక్కుండానే మాట్లాడింది. జనవరి నుంచి నిండు కొలువు, పర్మనెంటు. ఎవరూ అభినందించలేదు. ఒకరిద్దరు తల పంకించారు.

కబురు తెలిసిన సాయంత్రం ఎవాంథియా బస్సు కోసం వానలో నిలబడి ఉంది. అవతలి ఒడ్డు క్లాసులకు ఇంకా నెల గడువుంది, వెళ్లక తప్పదు. గున్వోర్ కారు వచ్చి పక్కన ఆగింది. అద్దం కొద్దిగా దిగింది.

"పడవ రేవుకేగా? ఎక్కు."

ఎక్కింది. థాంక్స్ చెప్పాలని నోరు తెరిచింది. "చెప్పకు," అంది గున్వోర్. రోడ్డు మీదే చూపు. వైపర్లు అద్దం మీద అటూ ఇటూ కొట్టుకుంటున్నాయి, కారులో వెచ్చగా ఉంది. మూడేళ్లుగా లోపల బిగబట్టి ఉన్నదేదో ఆ వేడికి సడలింది. సంతోషం వస్తుందని ఎదురుచూసింది. వచ్చింది నిద్ర. కూర్చున్నచోటే, తల అద్దానికి ఆనించి, నోరు తెరుచుకుని నిద్రపోయింది.

రేవు దగ్గర గున్వోర్ ఆమె మోచేతిని పొడిచింది.

"లే. పడవ వచ్చేసింది. గొడుగు మర్చిపోకు."

ఎవాంథియా దిగి తలుపు వేసేలోపలే కారు వెనక్కి తిరిగింది.